తూగు

పలాసలో నా గది కింద జీడిపిక్కల గోడౌను.
ఏప్రిల్ రాత్రి, కాలిన తొక్కల వాసన
మెట్లెక్కి వచ్చి
లాప్‌టాప్ మూత కిందకి కూడా దూరుతుంది.

పగలు కాశీబుగ్గ కాలేజీలో
పిల్లలకి లోలకం ఊపి చూపిస్తాను.
రాత్రి నేను చూసేది ఇంకో ఊపు.
నలభై కాంతి సంవత్సరాల అవతల
పేరు లేని, నంబరే ఉన్న ఒక నక్షత్రం
ముందుకీ వెనక్కీ, సెకనుకి మూడు మీటర్లు,
సైకిలు మీద ఎవరో బజారుకి వెళ్తున్నంత నింపాదిగా.

దాని చుట్టూ ఒక గ్రహం ఉంది. ఎవరూ చూడలేదు.
ఆరు రోజులకోసారి అది అడ్డొస్తే
వెలుగు కాస్త తగ్గుతుంది,
ఎనభై కేజీల బస్తాలోంచి
మూడు పిక్కలు తీసేసినంత.
సైజు తెలిసింది: మన భూమికి ఒకటిన్నర రెట్లు.
బరువే తేలాలి.

ఫోను చార్జింగుకి పెట్టుకోడానికొచ్చిన తవిటమ్మ
తెర మీది చుక్కల్ని చూస్తూ నిలబడింది.
ముందు పుట్టిన ముగ్గురూ దక్కకపోతే
నాలుగోదాన్ని చేటలో పెట్టి
తవుడుకి అమ్మి, తిరిగి కొనుక్కున్నారట.
"నా కరీదు సోలెడు తవుడే" అని నవ్వుతుంది.
ముప్పై ఏళ్లు పిక్కలు కోసిన వేళ్లు
జీడి చమురుకి నల్లబడి, గీతలు చెరిగి,
బ్యాంకులో ముద్ర పడదు.
కానీ పిక్క ఒక్కసారి అరచేతిలో ఎగిరి పడితే చాలు,
గుండో, బద్దో, ఉత్త డొల్లో చెప్పేస్తుంది.

"కనపడందాన్ని ఎలగ తూస్తావు మేస్టారూ?"

చెప్పాను: తల మీద మూటతో ఒక మనిషి వెళ్తోంది,
చీకటి, మూట కనపడదు, మనిషే…
"నడక తూగుని బట్టి" అంది, నా మాట పూర్తి కాకుండానే.
"సంతకెల్లేదెవులో, సంత నుంచొచ్చేదెవులో
గట్టు మీద నీడ సూసి సెప్పేస్తాం."

అదే, అన్నాను. ఎనిమిది భూముల బరువు.
ఆ సైజుకి ఆ బరువంటే లోపలంతా ఇనుమే.
నెల్లాళ్లుగా ఆ ఇనుముని చూసుకుని మురుస్తున్నాను.
వ్యాసం రాసేశాను. పంపడమే తరువాయి.

ఆమె గుమ్మం దాకా వెళ్లి ఆగింది.
"మా పెద్దత్త బోడెమ్మ కుంటిది.
నెత్తి మీద ఏటీ నేకపోయినా తూగీది.
నీ సుక్క కాలు సరైందేనా?"

కింద లారీ ఒకటి వెనక్కి వస్తూ
చాలాసేపు కూత పెట్టింది.

నక్షత్రానికీ మచ్చలుంటాయి.
పన్నెండు రోజులకో చుట్టు తిరుగుతూ
ఆ మచ్చలతో అది తనంతట తానే కుంటుతుంది.
పన్నెండులో సగం ఆరు.
ఇంత చిన్న భాగారం
నాలుగో తరగతిలోనే చేశాను.

తెల్లార్లూ నడకలోంచి కుంటుని విడదీశాను.
అంత శుభ్రంగా రాదు;
కొంత పప్పు పొట్టుతో పోతుంది,
కొంత పొట్టు పప్పునే పట్టుకుని ఉండిపోతుంది.
విశాఖ వైపు మొదటి రైలు పోయేసరికి
నక్షత్రం సైకిలు దిగింది.
సెకనుకి మీటరున్నర చిల్లర, బేగి నడిచే మనిషి.
ఎనిమిది భూములు నాలుగున్నర అయ్యాయి,
అటో ఇటో ఒకటి.
నా ఇనుము పోయింది.
మిగిలింది రాయి, మన రాయిలాంటిదే కావచ్చు.
లేదా లోపల ఇంకాస్త ఇనుము, పైన కాస్త నీళ్లు.
రెండూ తక్కెట్లో ఒకేలా తూగుతాయి.
కోసి చూడ్డానికి లేదు.

పొద్దున్న షిఫ్టులో ఆమె
కాలితో తొక్కే కటింగ్ మిషను ముందు ఉంది.
తగ్గిపోయిందన్నాను, దాదాపు సగానికి.
"తగ్గితే తగ్గనీ. డొల్ల కాదు గదా?"
కాదన్నాను.

ఆమె ఒక పిక్కని ఎగరేసి పట్టుకుంది,
ఒక క్షణం అలాగే ఉంచుకుంది,
కొయ్యకుండా
పక్కన పెట్టింది.